నా పెదాల్లో అమ్మ

మా అమ్మవి సన్నటి పెదాలు. కోపమొస్తే వాటిని లోపలికి ముడుచుకుని కూర్చునేది. ఇక ఆ పూట ఇంట్లో ఎవరికీ నోరు పెగిలేది కాదు. నేను డిగ్రీ చదువుతుండగా ఆమె పోయింది. ఆ తర్వాత కమలాపురంలో ఉన్న చిన్నమ్మ దగ్గరికి, అంటే అమ్మ చెల్లెలి ఇంటికి, ఎప్పుడు పోయినా ఆమె గడప దగ్గరే నా గడ్డం పట్టుకుని, "మా యక్క నోరు అట్లే దిగిండాది సూడు," అనేది. ఆ మాట కోసమే బస్సెక్కేదాన్నేమో అని ఇప్పుడనిపిస్తుంది.

అప్పట్లో నాకు ఆ నోరు నచ్చేది కాదు. కడపలో పెళ్లికూతుళ్లకు మేకప్ వేయడం నా పని. ఈ పనిలో మన మొహమే షాపు బోర్డు. నాకు లిప్‌స్టిక్ వేస్తే ఎర్రటి గీత గీసినట్టుండేది. కర్నూలు నుంచి ఒకామె ఆదివారాలు మా పార్లర్‌కు వచ్చి పెదాలు లావెక్కేలా ఫిల్లర్ సూదులు వేసేది. వేయించుకున్నాను. పెదాలు నిండాయి, ఫొటోలు బాగా వచ్చాయి, అబద్ధమెందుకు, మురిసిపోయాను కూడా. చిన్నమ్మకు మాత్రం చెప్పలేదు. ఆమె గడప దగ్గర నా మొహం ఒకసారి తేరిపార చూసి, "రా, తిందువు," అని లోపలికి పోయేది. గడ్డం పట్టుకోవడం మానేసింది.

రెండేళ్లు గడిచాయి. మా ఇళ్లలో సంగటిని నమలం, పప్పులో ముంచి మింగేస్తాం. అందుకేనేమో, కింది పెదవి లోపల ఏదో పెరుగుతున్న సంగతి నాకే తెలియలేదు. చిన్నమ్మ ఇంట్లో ఒకరోజు వేయించిన చెనక్కాయలు నములుతుంటే పంటికి తగిలింది. వేలితో తడిమితే పెసరగింజంత గడ్డ. దాని పక్కనే ఇంకొకటి.

"వేడి చేసిండాదిమే," అని తేల్చేసింది చిన్నమ్మ. మా సీమలో ఎండాకాలం ఏ రోగానికైనా అదే పేరు. సబ్జా గింజలు నానబెట్టింది, పెదవికి వెన్న పూసింది, కారం మాన్పించింది. నాకూ అదే హాయిగా ఉంది, సూది సంగతి ఎత్తే పని లేదు కదా. ఆ గడ్డేమో వెన్న తిని బలిసినట్టు పెరుగుతూ పోయింది.

చివరికి కడపలో పళ్ల డాక్టరమ్మకు చూపించాం. "పెదాలకు ఎప్పుడైనా ఇంజెక్షన్ వేయించుకున్నారా?" అని అడిగింది. చిన్నమ్మ పక్కనే ఉంది. లేదన్నాను. అయితే చెడ్డ గడ్డేమో చూడాలి, ముక్క తీసి పరీక్షకు పంపుదాం అంది. చిన్నమ్మ గబుక్కున నా చేయి పట్టుకుంది. అమ్మ కథ కూడా ఇలాంటి పరీక్షతోనే మొదలైంది. ఇక దాచలేక సూది సంగతంతా చెప్పేశాను.

ఏ మందు ఎక్కించారో నాకు తెలియదు. అందుకని పరీక్ష తప్పలేదు. క్యాన్సర్ కాదని తేలింది. ఒంట్లోకి వచ్చింది పరాయి పదార్థమని శరీరం పసిగట్టిందట. బయటికి తోసేయలేక చుట్టూ గడ్డ కట్టేసిందట. "కోసి తీసేస్తాను. పెదవి మునుపటిలా అవుతుందని మాత్రం మాటివ్వలేను," అంది డాక్టరమ్మ.

ఆ ఫలితం విని ఇద్దరం కమలాపురం బస్సెక్కాం. భయం తీరింది కాబట్టి ఇక చిన్నమ్మ తిడుతుందనుకున్నాను.

"ఇదా మే సంగతి? నిన్ను సూస్తే మా యక్క కనపడక, దాని మొగం నాకే మరుపొచ్చె అనుకుంటిని. శానా ఏడిస్తిని."

ఆ రోజు నుంచి అమ్మ నోరు నాకు తిరిగి కావాలనిపించింది. అద్దం ముందు పాత ఫొటో పెట్టుకుని చూసుకునేదాన్ని. ఎవరి పెదాలకు లిప్‌స్టిక్ దిద్దుతున్నా అమ్మే గుర్తొచ్చేది.

గడ్డలు తీశారు. వాపు తగ్గింది. ఎడమ పక్క కొంచెం గట్టిగా ఉంది, అది ఉండిపోతుందట. కుట్లు మాత్రం ఇంకా తీయలేదు. ఒక సాయంత్రం చిన్నమ్మ తన ఇంట్లో మళ్లీ రాగి జావ గ్లాసు తెచ్చింది. పొద్దున్నుంచి అదే జావ. ఒళ్లు మండింది. అరవడానికి కుట్లు అడ్డం. పెదాలు ముడుచుకుని గోడ వైపు తిరిగాను.

చిన్నమ్మ గ్లాసు కింద పెట్టి నా ముందుకొచ్చి కూర్చుంది. నా గడ్డం పట్టుకుని తిప్పింది.

"మా యక్క అలిగితే ఇట్లనే గదమే కూసునేది."

"ఇంగొకసారి అను చిన్నమ్మా," అన్నాను, కుట్లు లాగుతున్నా.