రెండు మిస్డ్ కాల్స్

మొన్న మా అన్న ఇంటికి వెళ్లేసరికి మేనకోడలు గోళ్లరంగు తుడుచుకుంటోంది. ఎదురుగా ఫోన్‌లో వాళ్ల కాలేజీ లెక్చరర్ పాఠం చెబుతున్నాడు. ఆ ఘాటు వాసన, ఫోన్‌లోంచి ఆ మగగొంతు. నాకు యాదగిరి సార్ గుర్తొచ్చాడు.

సార్ సంగారెడ్డిలో మా డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ లెక్చరర్. కాంట్రాక్టు ఉద్యోగం. నేను పాశమైలారంలో ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తూ చదివేదాన్ని. పొద్దుటి షిఫ్టు పడిన వారాల్లో కాలేజీకి వెళ్లడం కుదిరేది కాదు. అప్పుడప్పుడే చిన్న ఫోన్లు ఇళ్లలోకి వస్తున్నాయి. దారిలో ధైర్యంగా ఉంటుందని అన్న తన ఫోన్ నా చేతికిచ్చి పంపేవాడు. అది చూసి సార్ ఒక పద్ధతి పెట్టాడు. ఆ రోజు పాఠం ముక్కలు ముక్కలుగా మెసేజ్ చేస్తాడు. అర్థమైతే ఒక మిస్డ్ కాల్ ఇవ్వాలి, కాకపోతే రెండు. రెండు ఇస్తే ఆయనే ఫోన్ చేసేవాడు.

కీటోన్లనే రసాయనాల పాఠం నా బుర్రకు ఎంతకీ ఎక్కలేదు. షిఫ్టు దిగి రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చాను.

"ఏడున్నవమ్మా?" అన్నాడు సార్.

"కంపెనీ గేటు కాడ సార్, బస్సు కోసం."

"జెర గాలి పీల్చు. ఏం వాసనొస్తుంది?"

"గోళ్లరంగు తుడిచే మందు లెక్క ఉంది సార్."

"గదే అసిటోన్. కీటోన్లన్నిట్ల చిన్నది. ఇగ మర్చిపోతవా?"

అందరూ ముక్కు మూసుకునే చోట ఆయన నాకు చదువు చూపించాడు.

ఒకరోజు అన్న ఫోన్‌లో ఆ నంబరు చూశాడు. మా వైపు ఆడపిల్ల మగవాడికి మిస్డ్ కాల్ ఇచ్చిందంటే అప్పుడు ఒకటే అర్థం.

"ఎవడే వాడు?"

"మా సారన్నా. పాఠం చెప్తడు."

"పాఠం ఫోన్ల చెప్తరా? నన్ను పిచ్చోణ్ని చేస్తున్నవా?"

మర్నాడు స్నేహితులను వెంటేసుకుని కాలేజీకి పోయి గొడవ చేశాడు. మెసేజ్‌లన్నీ అతని చేతిలోని ఫోన్‌లోనే ఉన్నాయి, అంతా కెమిస్ట్రీ. ఒక్కరూ తెరిచి చదవలేదు, నన్ను పిలిచి అడగలేదు. యాదగిరి సార్‌ను ఇక రావద్దని ప్రిన్సిపాల్ చెప్పేశాడు. నన్ను కాలేజీ మాన్పించారు. డ్యూటీ మాత్రం మాన్పించలేదు.

తోటి పిల్ల ఫోన్ అడుక్కుని సార్‌కు రెండు మిస్డ్ కాల్స్ ఇచ్చాను. బస్సులు పోతున్నా గేటు దగ్గరే నిలబడ్డాను. ఆయన ఫోన్ చేయలేదు. అంత గొడవయ్యాక ఎట్లా చేస్తాడు?

"ఇప్పుడు సదువంతా ఫోన్లనే చెల్లె," మొన్న అన్న గొప్పగా అన్నాడు. "గందుకే బిడ్డకు కొత్తది కొనిచ్చిన."

"గప్పుడు మా సార్ గూడ గదే చేసిండు గదన్నా."

"గా పాత ముచ్చట ఇప్పుడెందుకు?" అని టీవీ వైపు తిరిగాడు. నేను అతన్ని క్షమించలేదు, క్షమించను కూడా.

ఇంతలో మేనకోడలు ఫోన్ పక్కన పడేసి, "అత్తమ్మా, గీ కీటోన్లు బుర్రకెక్కుతలేవు," అంది.

గోళ్లరంగు తుడిచే సీసా మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను.

"జెర పీల్చు బిడ్డా. ఏం వాసనొస్తుంది?"

అన్న టీవీ సౌండు పెంచాడు.