చీమ తూకం

మా ఆడపడుచు బతుకంతా నలభై ఎనిమిది కిలోల్లో ఇరుక్కుపోయింది. జూడోలో ఆడవాళ్ళకు అదే అన్నిటికంటే తక్కువ బరువు విభాగం. ఆ అంకె మీద కాస్త ఎక్కువ తూగినా పోటీలో అడుగు పెట్టనివ్వరు. మనిషి పొట్టిగా, గట్టిగా, ఒకచోట నిలవకుండా తిరుగుతూ ఉండేది కాబట్టి వాళ్ళ జూడో మాస్టారు చిన్నప్పుడే ‘చీమ’ అని పేరు పెట్టాడు. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో మా ఆయన ‘చీమా, అన్నానికి రా’ అని కేకేస్తే, ఇదేం ఇల్లురా నాయనా అనుకున్నాను.

పదకొండో ఏట మొదలుపెట్టింది. మోటారు వర్క్‌షాపు పైన పొడుగాటి గది, అదే వాళ్ళ క్లబ్బు. కింద నుంచి ఇంజనాయిలు వాసన, పైన చెమట వాసన. పరిచిన మ్యాట్లు చిరిగినచోటల్లా టేపు అతికించి ఉండేది. పదిహేడేళ్ళపాటు అక్కడే పడింది, లేచింది. మోచెయ్యి కీలు రెండుసార్లు తప్పింది. కుడిచేతి చిటికెనవేలు వంకరపోయి అలాగే ఉండిపోయింది. జాతీయ పోటీల్లో రెండు కంచు పతకాలు తెచ్చింది. పగలంతా కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు సర్దడం, సాయంత్రం మనుషుల్ని ఎత్తి పడేయడం. “రెండూ ఒకటే పని వదినా, పార్సిలు తిరిగి తన్నదు, అంతే తేడా” అనేది.

ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేసరికి ఒళ్ళు మాట వినడం మానేసింది. మామూలుగా తింటే యాభై రెండుకి పోతుంది. పోటీ ఉన్నప్పుడల్లా నెలరోజులు కడుపు మాడ్చుకుని నాలుగు కిలోలు దించేది. పై విభాగంలో ఆడకూడదా అని ఒకసారి అడిగాను. “అక్కడివాళ్ళని పట్టుకోవాలంటే నాకు నిచ్చెన కావాలి” అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ నెలరోజులూ నేను వంటింట్లో పోపు పెట్టాలన్నా దొంగతనం చేస్తున్నట్టే ఉండేది.

ఆ ఏడాది సెలక్షన్ పోటీలు వచ్చాయి. మొదటి రెండు స్థానాల్లో నిలిచినవాళ్ళని దేశం జట్టు శిబిరానికి పిలుస్తారు. ఆరేళ్ళుగా చీమని ఓడిస్తూ వచ్చిన అమ్మాయి పెళ్ళి చేసుకుని ఆట మానేసింది. మిగిలినవాళ్ళందరినీ చీమ ఎప్పుడో ఒకప్పుడు ఓడించింది. మాస్టారు మోకాలి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో పడుకుని ఫోనులో ఒకటే చెప్పాడు. “ఇదే ఆఖరు అవకాశం. ఇది పోయిందంటే నువ్వూ నాలాగా పిల్లలకి నేర్పించుకుంటూ కూర్చోవడమే.” ఆయన రాలేడు కాబట్టి తోడుగా నన్ను వెళ్ళమన్నాడు.

ఇప్పుడు ఆ కాటా సంగతి చెప్పాలి. క్లబ్బులో ఒక మూలన మనుషులు నిలబడి తూగే పాత కాటా ఉండేది. ఎవరెక్కినా నాలుగు వందల గ్రాములు ఎక్కువ చూపించేది. మాస్టారు కావాలనే దాన్ని బాగుచేయించలేదు. భయముంటేనే నోరు అదుపులో ఉంటుందని ఆయన సిద్ధాంతం. ఆడపిల్లలకు మాత్రం ఆ గుట్టు తెలుసు. కాటా దిగుతూనే మనసులో నాలుగు వందలు తీసేసుకునేవాళ్ళు. ఏళ్ళ తరబడి అలవాటైపోయిన ఆ లెక్క గురించి ఎవరూ పైకి మాట్లాడుకునేవారు కారు. నాకూ తెలియదు, మా ఆయనకూ తెలియదు.

మా ఆయన పని కాటాలు బాగుచేయడం. కొట్లు తిరిగి, తూకపు రాళ్ళు పెట్టి చూసి, తేడా ఉంటే సరిచేసి వస్తాడు. పోటీకి మూడు రోజుల ముందు, గురువారం సాయంత్రం, చెల్లెలి కిట్టు బ్యాగు తేవడానికి క్లబ్బుకి వెళ్ళాడు. అక్కడ కాటా కనబడింది. కాటా కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. సంచిలోంచి రాళ్ళు తీసి పెట్టాడు, తేడా తెలిసింది, మర తిప్పి సరిచేసేశాడు. పావుగంట పని. అన్నం తింటూ నాతో అన్నాడు. “వాళ్ళ కాటా నాలుగు వందలు తప్పు చూపిస్తోంది. సరిచేసి వచ్చాను.”

“దానికి చెప్పారా?”

“చెప్పడానికేముంది? సరిగ్గా తూగే కాటా గురించి కూడా చాటింపు వెయ్యాలా?”

నేనూ ఊఁ కొట్టి కూర వడ్డించాను.

శుక్రవారం మధ్యాహ్నం చీమ పరుగెత్తుకుంటూ వచ్చింది. “వదినా, ఒక్కరోజులో నాలుగు వందలు దిగాను! ఇంక చాలు, సరిగ్గా సరిపోయాను!” అని నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. రెండు రోజులుగా పెదాలు తడుపుకోవడం తప్ప నీళ్ళు తాగని పిల్ల. నేనే గ్లాసుడు నీళ్ళిచ్చాను. నేనే అరటిపండు ఒలిచి పెట్టాను. కళ్ళు మూసుకుని ఒక్కో ముక్కా నములుతుంటే ముచ్చటేసింది. శనివారమంతా రైల్లోనే, ఆ కాస్తా అక్కడే కరిగిపోతుందని తన ధీమా.

ఆదివారం ఉదయం ఏడు నుంచి ఎనిమిది వరకు తూకం. అసలు కాటా లోపలి గదిలో ఉంటుంది, దాని మీద ఒక్కసారే ఎక్కాలి. బయట వరండాలో సరిచూసుకోవడానికి ఇంకొకటి పెట్టారు. ఏడుంబావుకి చీమ దాని మీద నిలబడింది. నలభై ఎనిమిది కిలోల నాలుగు వందల గ్రాములు.

దిగి మళ్ళీ ఎక్కింది. అదే అంకె. “మా కాటాలో నాలుగు వందలు తీసేస్తే నలభై ఎనిమిదే కదా వదినా, ఎలా పెరుగుతుంది?” అంది. “ఏం తీసెయ్యడం?” అని నేను అడిగాను. గబగబా చెప్పింది. గురువారం మా ఆయన తిప్పిన మర గుర్తొచ్చింది. నోరు విప్పుదామనుకున్నాను. విప్పి ఏం చెయ్యను? ఉన్నది ముప్పావుగంట.

మూడు స్వెట్టర్లు తొడుక్కుని వరండాలో పరుగెత్తింది. ఒంట్లో తడి ఉంటే కదా చెమట పట్టడానికి! బబుల్‌గమ్ నమిలి కాగితం కప్పులో ఉమ్మింది, ఉమ్మి కూడా రావడం లేదు. ఎనిమిదికి పదిహేను నిమిషాలుందనగా రెండు వందలు ఎక్కువ చూపించింది. “జుట్టు కత్తిరించు” అంది. ఫిజియో దగ్గర కత్తెర అడిగి తెచ్చి, వీపు మీద పడే ఆ జడని మెడ దగ్గరికి కత్తిరించేశాను. తను కదల్లేదు. జుట్టు ఏపాటి బరువుంటుంది? ఇంకా నూట ఇరవై మిగిలింది.

ఎనిమిదికి రెండు నిమిషాలుందనగా లోపలికి పిలిచారు. కాటా దగ్గర కూర్చున్న పెద్దావిడ అంకె చూసింది, చీమ మొహం చూసింది, మళ్ళీ అంకె చూసింది. చెడ్డ మనిషి కాదు. “కాస్త నిలబడు తల్లీ” అని తనే ఒక క్షణం ఆగింది. అంకె ఎక్కడికి పోతుంది? కాగితం మీద అడ్డంగా గీత కొట్టేసింది. “నీళ్ళు తాగమ్మా ముందు” అంది. నేను ఆవిడ చేతులు పట్టుకున్నాను, ఏదేదో మాట్లాడాను. ఆవిడ చెయ్యగలిగిందేమీ లేదని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. ఆ రోజు ఆ విభాగంలో గెలిచిన అమ్మాయిని చీమ అంతకుముందు రెండుసార్లు ఓడించింది.

తిరుగు రైల్లో కిటికీకి తల ఆనించుకుని, “నా ఒళ్ళే నాకు ద్రోహం చేసింది వదినా” అంది. నిజం చెప్తే దీనికి అన్నయ్య దూరమవుతాడు, చెప్పకపోతే తన ఒళ్ళునే తిట్టుకుంటూ బతుకుతుంది. రెండింటికీ ధైర్యం లేక నిద్ర నటించాను. నా పిరికితనం గురించి ఇంతకంటే చెప్పడానికి సిగ్గేస్తోంది.

నేను దాచిందేమీ నిలవలేదు. ఇంటి గుమ్మంలోనే మా ఆయన చెల్లెలి కత్తిరించిన జుట్టు చూసి గొల్లుమన్నాడు. దగ్గరికి తీసుకున్నాడు. తర్వాత అడిగాడు. “ఇక్కడ చూసుకునే కదే వెళ్ళావు? మీ కాటా తప్పు చూపించే ప్రశ్నే లేదు. గురువారం నేనే రాళ్ళు పెట్టి సరిచేశాను.”

చీమ అన్నయ్య మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయింది. చివరికి, “అవునన్నయ్యా. కాటా సరిగ్గానే చూపించింది. నేనే చూసుకోలేదు” అని స్నానానికి వెళ్ళిపోయింది. పంపు చాలాసేపు ఆగలేదు.

ఆ తర్వాత మళ్ళీ పోటీకి వెళ్ళలేదు. కొరియర్ ఆఫీసులో పార్సిళ్ళు సర్దుతోంది, ఆదివారాలు క్లబ్బులో పిల్లలకి నేర్పుతోంది. ఇప్పుడు తనది యాభై నాలుగు కిలోలు, అడిగేవాళ్ళు లేరు. మా ఆయనకి చెల్లెలంటే ప్రాణం. ఇంటికెవరొచ్చినా పతకాలు చూపించి, చివర్న నిట్టూర్చి ఒక మాట అంటాడు. “దేశం జట్టులో ఉండాల్సిన పిల్లండీ. ఏం చేస్తాం, తిండి దగ్గర అదుపు లేక పోగొట్టుకుంది.”

మొన్న వాళ్ళ పెదనాన్న ముందు కూడా అదే మాటన్నాడు. చీమ పక్కనే కూర్చుని కాఫీ తాగుతోంది. నేనింక ఓర్చుకోలేకపోయాను. “అసలు జరిగిందేంటంటే...” అని లేవబోయాను. బల్ల కింద నుంచి నా మణికట్టు పట్టుకుంది. ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు, పెదనాన్న తలాడిస్తూనే ఉన్నాడు. చెయ్యి లాక్కోవాలని రెండుసార్లు ప్రయత్నించాను. పదిహేడేళ్ళు సాధన చేసిన పట్టు అది, నా వల్ల కాలేదు.