కుప్పలో ఎక్కువైన ఒక రాయి

రాష్ట్రం రెండయిన మరుసటి ఏడాది, మాఘమాసంలో, పులివెందుల వైపు ముగ్గురాయి గని నుంచి నన్ను జమ్మలమడుగు దగ్గరి బండల గనికి మార్చారు. హోదా సర్వేయరుకు సహాయకుడు. ప్లాను మీద సంతకం సర్వేయరుది, దానికి కావలసిన కొలతలూ ఫోటోలూ నావి. డిప్లొమా లేదు. కోణాలు, ఎత్తులు లెక్కగట్టడం పాత పుస్తకాలు కొనుక్కుని సొంతంగా నేర్చుకున్నాను. యాభై దాటాక మోకాళ్లు మొరాయించి పని మానుకునేదాకా ఆ లెక్కలే నాకు అన్నం పెట్టాయి.

బండల గనిలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. పైనుంచి కోసుకుంటూ దిగితే ఒక పక్క నిలువు గోడ మిగులుతుంది. ఆ గోడను ప్రతి సోమవారం ఒకే చోట నిలబడి, కెమెరా ఒకే ఎత్తులో పెట్టి ఫోటో తీయాలి. గోడ పక్కన ఎరుపు తెలుపు పట్టీల కొలకర్ర నిలబెట్టాలి. కర్ర లేని ఫోటో మా పనిలో ఫోటో కిందికి రాదు, అందులో ఏది ఎంతో తేల్చలేం.

రెండో సోమవారం తీసిన ఫోటోను పెద్దది చేసి చూస్తుంటే, తూర్పు మూలన, మనిషికి అందని ఎత్తులో, అరుగులాంటి చోట రెండు నారింజరంగు కళ్లు నన్నే చూస్తున్నాయి. నెత్తిన కొమ్ముల్లాంటి ఈకల కుచ్చులున్న పెద్ద గుడ్లగూబ. దాని పొట్ట కింద తెల్లటి పిల్లలు రెండు.

గూబ అరిస్తే ఎవరో పోతారని మా వైపు నమ్మకం. కూలీలు ఆ మూలకు పోమన్నారు. యంత్రాలు నడిపే ఖాదర్, కువైట్‌లో క్రేను తోలి వచ్చినవాడు, వాళ్లను చూసి నవ్వాడు. "అది అరిసింది, నా మిషను బెల్టు పాయ. లెక్క సరిపాయ గదా మామా, ఇంగ ఎవురూ పోరు. పనికి రాండి."

అడవిశాఖ మనిషి వచ్చి చూసి, గూడు చెరపడం నేరమని చెప్పి వెళ్లాడు. లీజుదారు ఓబులరెడ్డి ప్రొద్దుటూరు నుంచి వచ్చి కాసేపు కేకలు వేసి, చివరికి నాతో ఒప్పందం చేసుకున్నాడు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ మూల ముట్టుకోరు. ఎగిరిపోయాయని నేను ఫోటోతో చూపించిన మరునాడే పని మొదలు. "ఆమీన ఒక్క దినం గూడ ఆగేది లేదప్పా," అన్నాడు.

అలా ఆ పక్షుల సంగతి నా మాట మీద పడింది. ఎదుటి గట్టున పనికిరాని బండలతో ఛాతీ ఎత్తు గోడ పేర్చి, కెమెరా పట్టేంత సందు వదిలాను. ఫ్లాష్ వాడలేదు. పొద్దు పొడిచాక తొలి ఎండ అరుగు మీద పడే కాసేపట్లోనే తీసేవాణ్ణి. గూటి దగ్గర కర్ర పెడితే తల్లి బెదిరిపోతుంది. అందుకని అరుగు పక్కన కనబడే రాతిపొరలనే కర్రగా వాడుకున్నాను. ఏ పొర ఎంత మందమో నాకు తెలుసు. ఫోటోలో రెక్క ఎన్ని పొరలంత ఉందో చూసి, వారం వారం ఎంత పెరిగిందో లెక్కగట్టాను. చైత్రంలోగా ఎగరవని తేలింది.

ఫాల్గుణం ఇంకా ఉండగానే ఒక సోమవారం ఫోటోలో అరుగు ఖాళీగా ఉంది. తల్లి కూడా లేదు. నా లెక్క ప్రకారం రెక్కలు ఇంకా చాలవు. ఏ పామో తినిపోయి ఉంటుందనుకున్నాను. ఉన్నది ఉన్నట్టు ఓబులరెడ్డికి ఫోటో చూపించాను. మర్నాడు పొద్దున్నే అరుగు కింది రాళ్లకుప్పను జేసీబీతో తోసేయమని అప్పటికప్పుడే ఖాదర్‌కు పురమాయించాడు.

ఆ సాయంత్రం ప్రొద్దుటూరు ఆఫీసులో ప్లాను దిద్దడానికి ఆ వారం ఫోటో, ముందు వారం ఫోటో పక్కపక్కన పెట్టాను. ఆ మూల పని లేదు కాబట్టి కుప్పలో రాయి కదలకూడదు. ఒక రాయి ఎక్కువగా ఉంది. దుమ్మురంగు, గుండ్రటి రాయి. మా గనిలో రాయి పలకగా విరుగుతుంది, గుండ్రంగా విరగదు.

ఖాదర్‌కు ఫోను కలవలేదు. తెల్లవారి మొదటి బస్సుకు పోయేసరికి జేసీబీ కుప్ప వైపు కదులుతోంది. చేతులూపుతూ అడ్డం పోయాను. ఖాదర్ కెమెరాలో బొమ్మ చూశాడు, కుప్ప వైపు చూశాడు, తాళం తీసి జేబులో వేసుకున్నాడు. యజమాని ఏమంటాడని ఒక్క మాట అడగలేదు.

ఓబులరెడ్డి వచ్చి మండిపడ్డాడు. "ఏందప్పా ఇది? నిన్న ఖాళీ అంటివి. ఈపొద్దు రాయికి కండ్లుండాయంటాండావు?"

"అరవగాకు రెడ్డీ, అది సూస్తాంది," అన్నాడు ఖాదర్.

నిజంగానే చూస్తోంది. రాయి కళ్లు తెరిచి, ముక్కు టకటక కొట్టింది. రెండోది పక్క సందులో ఉంది. తల్లి ఎదుటి గట్టు నుంచి బుస్సుమంది. ఓబులరెడ్డి రెండడుగులు వెనక్కి వేసి, కెమెరా తీసుకుని చాలాసేపు చూశాడు. "శానా బాగుండాయిలే," అని, కుప్ప చుట్టూ తాడు కట్టించి, కోతను పడమటి మూలకు మార్చాడు.

తర్వాత అడవిశాఖ మనిషి చెప్పాడు, ఈ జాతి పిల్లలు ఎగరడం రాకముందే నడిచి గూడు దిగుతాయట. చైత్రంలో, నేను లెక్కగట్టిన వారానికే, రెండూ ఎగిరాయి. అవి ఎగిరేటప్పుడు తీసిన ఫోటో మా ఇంట్లో ఉంది. అందులో కొలకర్ర లేదు. దాన్ని చూసినప్పుడల్లా ఖాదర్ జేబులో పడిన తాళం గుర్తొస్తుంది. ఆ మేలు నేను మరిచింది లేదు.

ఆ తర్వాత ప్లానులో దేనికి హద్దు గీయాల్సి వచ్చినా, అది ఉన్న చోటు కొలిచి ఊరుకోలేదు. అక్కణ్ణుంచి ఎటు పోగలదో కనుక్కుని, ఆ దారి కూడా లోపలికి వచ్చేలా గీశాను. ఆనాటి నా లెక్కలో తప్పు లేదు. నేను కొలిచింది రెక్కల్ని, అవి దిగింది కాళ్ల మీద.