తోంగ్‌పాల్ నుంచి పద్నాలుగు టర్కీ గుడ్లు

మా చెల్లెలి కూతురు సుజాత రాష్ట్ర సరిహద్దు అవతల తోంగ్‌పాల్‌లో టర్కీ కోళ్లు పెంచుతుంది. ముప్పై ఒకటిలో తొమ్మిది చచ్చాయని సోమవారం ఫోన్ చేసింది. మర్నాడు ఉదయం ఆరుంబావుకు భద్రాచలంలో జగదల్‌పూర్ బస్సెక్కాను. ముందు సీటు కావాలంటే అరగంట ముందే వెళ్లాలి. ఎనిమిదింటికి కొంటాలో ఆగింది. ఇడ్లీ వేడిగా ఉంది, చట్నీ బాగాలేదు.

పక్కనే చింతపండు మూటతో కూర్చున్న సుక్మా ఆవిడకు నా పని చెప్పాను.

"కోళ్లను చూడనీకి ఇంత దూరమా? నాకు జొరమొస్తే మా అక్క గూడ రాలే!" అంది.

పదకొండింటికి దిగాను. షెడ్డులో ఇంకో టర్కీ ఒక కాలు ముందుకు, ఒక కాలు వెనక్కు చాపి పడి ఉంది. పన్నెండున్నరకు పశువుల డాక్టరు వచ్చి, పొద్దున చచ్చినదాన్ని కోశాడు. కాలేయం నిండా శనగగింజలంత తెల్లటి గడ్డలు. వైరస్ జబ్బని, వచ్చాక మందు లేదని హిందీలో చెప్పాడు. నాటుకోళ్లతో కలిపి పెంచుతున్నారా అని అడిగాడు.

సుజాత నా వైపు చూసింది. టర్కీ సరిగా పొదగదు, గుడ్లు నాటుకోడి కింద పెట్టమని మూడేళ్ల కిందట చెప్పింది నేనే. కోడి పైకి బాగానే ఉన్నా దాని ఈకల పొట్టులో వైరస్ ఉండవచ్చట. దాని రెక్కల కింద పుట్టిన పిల్ల మొదటి రోజే పీలుస్తుందట.

"ఏంది పెద్దమ్మా, ఇప్పుడు గూడ రెండు కోళ్లు పొదుగు మీదున్నయి. పద్నాలుగు గుడ్లు. పారెయ్యాల్నా?"

లెక్కవేస్తే ఇరవై మూడో రోజు. టర్కీకి ఇరవై ఎనిమిది కావాలి. జబ్బు గుడ్డు లోపలికి పోదనీ, పిల్ల బయటికి రాకముందే కోళ్లు లేని ఇంటికి మార్చమనీ డాక్టరు అన్నాడు. ఆ ఊళ్లో కోళ్లు లేని ఇల్లు సుజాతకు గుర్తు రాలేదు. మా ఇంట్లో కోళ్లు లేవు, గుడ్లకు వేడి తగిలించడానికి బల్బు ఉంది. షెడ్డులో తిరిగిన చీర మార్చుకుని, గుడ్లకంటిన పొట్టు తుడిచి, ఊక నింపిన బుట్టలో వేడినీళ్ల సీసాల మధ్య సర్దాను.

రెండింటి బస్సులో కండక్టరు, "బుట్ట పైన పెట్టు అమ్మమ్మా," అన్నాడు.

"చల్లారితే చస్తాయి. ఒళ్లోనే ఉంటాయి."

"అయితే పిల్లలకు హాఫ్ టికెటా?"

సుక్మాలో టీ కొట్టువాడు సీసాల్లో మళ్లీ వేడినీళ్లు పోశాడు. ఆ పద్నాలుగులో తర్వాత పదకొండు పిల్లలయ్యాయి. సుజాత షెడ్డులో మిగిలినవాటికి మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు.

రోడ్డు బాగుంది, బస్సులు వేళకు వస్తాయి. ఆ దారిన వెళ్లేవారికి ఇబ్బంది ఉండదు. నాటుకోడి కింద పెట్టమన్న నా సలహా ఇంకెవరికి చెప్పావని బస్సులోంచి సుజాతను అడిగితే, కొంటా చేరేలోపు ఫోన్‌లో ఐదు పేర్లు పంపింది. నలుగురితో మాట్లాడాను. ఐదో ఆవిడది జగర్గుండా, ఫోన్ కలవలేదు. సుక్మా నుంచి అక్కడికి బస్సు ఎన్నింటికని కండక్టరును అడిగాను.