దుప్పటి కప్పుకున్న ప్రభువు

పోయిన నెల చేవెళ్లలో కళ్ళు చూపించుకుని బస్సులో మొయినాబాద్‌కు తిరిగి వస్తున్నాను. రోడ్డు వెడల్పు చేసే పనుల వల్ల మా చర్చి ఎదురుగా బస్సు చాలాసేపు ఆగిపోయింది. నా పక్కన కూర్చున్న కాలేజీ పిల్ల కిటికీలోంచి ఫోను చాపి, చర్చి గేటు పక్కనున్న సిమెంటు విగ్రహాన్ని ఫొటో తీసింది. బల్ల మీద మోకాళ్ళు ముడుచుకుని, తల మీదుగా దుప్పటి కప్పుకుని కూర్చున్న మనిషి విగ్రహం అది. ముఖం కనిపించదు. పాదాలు మాత్రం బయటికి ఉంటాయి, వాటి మీద మేకుల గాయాలుంటాయి. "ఎవరాంటీ గట్ల కూసున్నది?" అని అడిగింది. ఏసు ప్రభువని చెప్పాను. ఫొటోను పెద్దది చేసి చూసుకుని, "కాళ్ళు ముసలవ్వ కాళ్ళ లెక్క ఉన్నయి గద ఆంటీ," అంది. ఇన్నేళ్లలో ఆ మాట పైకి అన్నవాళ్ళు ఇంకెవరూ లేరు. అంతలో బస్సు కదిలింది.

ఆ విగ్రహం చేసింది మా అన్న. మొదట తాపీమేస్త్రీ. జన్వాడ చుట్టుపక్కల ఫాంహౌసులు లేస్తున్న రోజుల్లో గోడలు కట్టడం మానేసి, వాటి గేట్ల మీదికి సింహాలు చేయడం మొదలుపెట్టాడు. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు వరసగా సింహాలు, కొంగలు, గొడుగులు పట్టుకున్న మరుగుజ్జులు. అన్న సింహాలకు ఒక లోపం ఉండేది. ఎంత కోపంగా చేద్దామన్నా అవి నవ్వుతున్నట్టే ఉండేవి. ఒక ఆసామి మళ్ళీ చేయమని సింహాన్ని వెనక్కి తెచ్చి దించిపోతే, కోరలు ఇంకాస్త పొడుగు పెట్టాడు. దాంతో అది మరింత సంతోషంగా కనిపించింది. వదిన చనిపోయాక అన్న మాటలు తగ్గిపోయాయి. ఆదివారం చర్చిలో చివరి వరసలో కూర్చుని, ప్రసంగం మొదలవగానే కునుకు తీసేవాడు. నేను సర్కారు దవాఖానలో నర్సుగా రిటైరై, స్త్రీల సమాజానికి కార్యదర్శినై, ముందు వరసలో మేలుకుని కూర్చునేదాన్ని. మా ఇద్దరిలో భక్తి ఎవరిదని ఎవరైనా అడిగితే, నాదేనని ఊరంతా చెప్పేది.

మా చర్చి వరండాలో ఒక అవ్వ పడుకునేది. ఆమె, ఆమె భర్త పూలతోటల ఫాంహౌసులో కాపలాకు ఉండేవారట. తోటలో చేమంతులు తెంపడం ఆమె పని. భర్త చనిపోయాడు, తోట చేతులు మారింది, కొత్తవాళ్ళు వాళ్ళ మనుషులను తెచ్చుకున్నారు. పిల్లలు లేరు. బట్టల మూటతో, ఒక చద్దరుతో మా వరండాకు చేరింది. ఆమె క్రైస్తవురాలు కాదు. పొద్దున లేచి సూర్యుడికి ఒక దండం, చర్చి తలుపుకు ఒక దండం పెట్టి, వరండా ఊడ్చేది. క్రిస్మస్‌కు మేము చీర పెట్టేవాళ్ళం, బిర్యానీ పెట్టేవాళ్ళం. ఆమె మడమల పగుళ్ళు నెత్తురు చిమ్మితే నేను కడిగి మందు రాసేదాన్ని. ఇల్లులేని వాళ్ళ కోసం ఆదివారం ప్రార్థన చేసేది కూడా నేనే. ఆ ప్రార్థన చేసేటప్పుడు ఎందుకో నాకు దూరదేశాలే గుర్తొచ్చేవి.

చర్చికి కొత్త గేటు కట్టినప్పుడు పక్కన ప్రభువు విగ్రహం పెడదామన్న మాట వచ్చింది. విగ్రహాలు మన ఆచారం కాదని కొందరు పెద్దలు గట్టిగా వాదించారు. మొక్కడానికి కాదు, దారినపోయేవాళ్ళకు సాక్ష్యంగా ఉంటుందని పాస్టరుగారు సర్దిచెప్పారు. అందరి మనసులో ఉన్నది తెల్లని అంగీ, చాచిన చేతులు. అది అందరికీ తెలిసిందే కదా అని ఎలా చేయాలో అన్నకు ఎవరూ చెప్పలేదు. ఒకరోజు మధ్యాహ్నం అన్నకు అన్నం తీసుకుని షెడ్డుకు వెళ్తే, బల్ల మీద అవ్వ చద్దరు కప్పుకుని కూర్చుని ఉంది. అన్న ఆమె పాదాలు చూస్తూ సిమెంటు మలుస్తున్నాడు. "పలిగిన కాళ్ళు దేవునికెందుకు పెడుతున్నవ్ కొడుకా? మంచి కాళ్ళు ఎవరియన్న చూడు," అంటోంది అవ్వ. "ఆయన కూడ మస్తు నడిచిండవ్వా. సొంతిల్లు లేకుండె ఆయనకు," అన్నాడు అన్న. "అయ్యో, పాపం," అంది అవ్వ. ఆ విషయం విని ఎవరైనా అలా జాలిపడడం నేను అదే మొదటిసారి చూడటం.

ముసుగు తీసిన రోజు సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. గండిపేట నుంచి కారులో వచ్చే కోస్తా కుటుంబం ఒకటుంది. ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కమిటీ సభ్యుడు, మర్యాదస్తుడు. "ఏవండీ, ప్రభువుని ఇలా దిక్కులేనివాడిలా చూపిస్తే పిల్లలకి ఏం చెప్తామండీ?" అన్నాడు బాధగా. "ఉన్నదున్నట్టు చెప్పుండ్రి సార్," అన్నాడు అన్న. విగ్రహం తీసేయాలన్న మాట కొన్నాళ్ళు నడిచింది. ఇంతలో దారినపోయేవాళ్ళు ఆగి ఫొటోలు తీసుకోవడం మొదలైంది. ఎక్కడెక్కడి చర్చిలవాళ్ళో వ్యాన్లలో వచ్చి, విగ్రహం ముందు కళ్ళు తుడుచుకుని వెళ్ళేవారు. మాకు గర్వం వచ్చింది. వద్దన్నవాళ్ళే వచ్చినవాళ్ళకు దగ్గరుండి వివరించి చెప్పేవారు.

అయితే ఫొటోల్లో అవ్వ కూడా పడేది. విగ్రహం బల్ల మీదే కూర్చునేది, మూట ప్రభువు పక్కన పెట్టేది. చలి మొదలయ్యాక తన పాత చీర ఒకటి ఆయన పాదాలకు చుట్టింది. చూడటానికి బాగాలేదని కమిటీ అంది. విగ్రహం చుట్టూ ఇనుప గ్రిల్లు, వరండాకు తాళం వేయాలని తీర్మానించారు. తీర్మానం రాయమంటే నేనే రాశాను. నా దస్తూరి గుండ్రంగా, అందంగా ఉంటుంది. చేవెళ్ల అవతల వృద్ధాశ్రమం ఒకటుందని, మాట్లాడి అవ్వను చేర్పిస్తానని కూడా నేనే అన్నాను. డిసెంబరు రోజులు. పాటల ప్రాక్టీసు, కేకులు, చీరల పంపకం. పండుగ వెళ్ళాక చూద్దామనుకున్నాను.

తాళం వేసిన సాయంత్రం అవ్వ మూట సర్దుకుంటూ నా దగ్గరికి వచ్చింది. కోప్పడలేదు. విగ్రహం వైపు చూపించి, "బిడ్డా, గాయన్ను గూడ పొమ్మన్నరా?" అని అడిగింది.

"లేదవ్వా."

"మంచిగైంది. గీ చలిల ఏడికి పోతడు," అని రోడ్డు దాటి బస్టాపు వైపు వెళ్ళింది.

కొత్త సంవత్సరం వచ్చిన రెండో రోజు, బస్టాపు నుంచి అవ్వను అంబులెన్సులో చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయారని నాతో పనిచేసిన నర్సు ఫోను చేసింది. న్యుమోనియా. నేను వెళ్ళేసరికి ఊపిరి ఎగపోస్తోంది. పాదాలు మంచులా ఉంటే రెండు చేతులతో రుద్దాను. "నీకు తక్లీఫ్ ఇస్తున్న బిడ్డా," అంది. తీర్మానం సంగతి చెప్పి క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అడగలేదు, పాదాలు రుద్దుతూ ఉండిపోయాను. మధ్యాహ్నానికి అవ్వ పోయింది.

ఆమెకు బాప్తిస్మం లేదు కనుక మా సమాధుల తోటలో చోటివ్వడం కుదరదని కమిటీ అంది. అన్న ఆ మీటింగుకు వచ్చాడు. ఎప్పుడూ రానివాడు వచ్చి, నిలబడే మాట్లాడాడు. "మా ఇంటామె పక్కన నాకని జాగ పెట్టిన్రు గద. అది అవ్వకియ్యుండ్రి. నేను ఎక్కడన్న పండుకుంట," అన్నాడు. రూల్సు ఒప్పుకోవని ఎవరో గొణిగారు. అన్న నా వైపు చూశాడు. "నువ్వు చెప్పు చెల్లె. ఆమె కాళ్ళు కడిగినదానివి నువ్వే గద," అన్నాడు. నేను లేచి, తీర్మానం రాసింది నేనేనని, ఆశ్రమంలో చేర్పిస్తానని చెప్పి చేర్పించనిది నేనేనని అందరి ముందూ చెప్పి ఏడ్చాను. పాస్టరుగారు గొయ్యి తవ్వించమన్నారు. గండిపేట ఆయన కూడా పాడె మోశాడు.

గ్రిల్లు తీయించడానికి మళ్ళీ ఏడాది పట్టింది. వరండా తాళంచెవి నేను అడిగి తీసుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను. అప్పటినుంచి వరండా తెరిచే ఉంది. అప్పుడప్పుడూ చందనవెల్లి ఫ్యాక్టరీల్లో పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళు ఒకటి రెండు రోజులు పడుకుని పోతుంటారు. నేను చాయ్ తీసుకెళ్ళి పేరు, ఊరు అడుగుతాను. అన్న నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆయన పోయి ఆరేళ్లయింది. వదిన పక్కన అవ్వ ఉంది కనుక, ఆయన ఆ చివర ముళ్ళకంచె దగ్గర పడుకున్నాడు. ముగ్గురికీ చేమంతులు పెట్టడానికి ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేసరికి నా మోకాళ్ళు పట్టేస్తాయి, మధ్యలో కాసేపు కూర్చుంటాను. పండుగ వెళ్ళాక చూద్దామని నేను వాయిదా వేసిన ఆ కొద్ది వారాలు నా బతుకులో ఎంతో చిన్నవి. అవ్వకు మిగిలిన కాలమంతా అదే.