ఒతీలియా దీపాలు

ఫుంసా ఊరి పూలతోటల దారిలో తెల్లవారుజామున మంచు కమ్మితే సైకిలు తొక్కేవాళ్ళకు తమ ముందు చక్రమే కనపడదు. ఒతీలియా మాత్రం అర కిలోమీటరు దూరం నుంచే కనపడుతుంది. సైకిలుకు ముందు తెల్ల దీపం, వెనక రెండు ఎర్ర దీపాలు, చువ్వల మధ్య నారింజ రంగు బిళ్ళలు. తోటలో పురుగుమందు కొట్టేవాళ్ళు పారేసిన కోట్ల నుంచి మెరిసే పట్టీలు కత్తిరించి భుజాలకూ మడమలకూ, చివరికి అన్నం క్యారేజీ సంచికీ కుట్టుకుంది. తోట గేటు దగ్గర బెల్లం నీళ్ళు తాగుతున్న ఆడవాళ్ళు "వచ్చిందమ్మా క్రిస్మస్ చెట్టు!" అని నవ్వుతారు. ఆమె నవ్వదు. దొంగల భయానికి దీపాలన్నీ ఊడదీసి జేబుల్లో వేసుకుంటుంది, పని దిగాక మళ్ళీ ఒక్కొక్కటే బిగిస్తుంది. మూడేళ్ళ క్రితం ఇదే దారిలో ఆమె మొగుడు ఎలియేసెర్‌ను లారీ గుద్ది చంపింది. "మంచులో కనపడలేదు సార్" అన్నాడు డ్రైవరు. ఆ ఒక్క మాటతో కేసు మూసేశారు. తన విషయంలో ఆ మాట ఎవడి నోటా రాకూడదని ఆమె పంతం.

ప్రేమికుల రోజుకు ముందు, గులాబీలన్నీ విమానమెక్కే హడావుడిలో, పూల వ్యాను ఒకటి ఆమెను రాసుకుంటూ పోయి కాలవలోకి తోసేసింది. డ్రైవరు దిగి పరుగెత్తుకొచ్చాడు. మోకాలు చీరుకుపోయి ఆమె బురదలో కూర్చుని ఉంది. సైకిలు వెనక ఎర్ర దీపం ఒకటి ఇంకా వెలుగుతూనే ఉంది.

"కనపడలేదని మాత్రం అనకు," అంది పళ్ళు బిగించి.

"అయ్యో, ఎందుకు కనపడలేదక్కా? వంతెన దగ్గర్నుంచీ చూస్తూనే ఉన్నా. నువ్వే తప్పుకుంటావులే అనుకున్నా."