మచ్చలేని తెర

కంప్యూటర్ చదివానని రాప్తాడులో బోర్డు పెట్టుకున్న వీరేష్‌కు తెలిసిన వైద్యమల్లా తెరను తడిగుడ్డతో తుడవడమే. వేరుశనగ బీమాకు ఆఖరి రోజున బ్రౌజర్ నిండా నల్లగళ్లు పడ్డాయి. తుడిచాడు, పోలేదు.

"సర్కారు సైటే చెడిపోయిండాది. గడువు వాళ్లే పెంచుతార్లే, పోవ్వా" అని బీమా కట్టడానికి వచ్చిన రైతు నల్లమ్మను పంపేశాడు. మర్నాడు యూట్యూబులో చూసి, బ్రౌజర్ సెట్టింగుల్లో గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ అనే మీట ఆపగానే గళ్లు మాయమయ్యాయి. సైటు బాగానే ఉంది, గడువే ముగిసింది.

వాన రాక చేను ఎండిపోయాక నల్లమ్మ రేషన్ కార్డు పని మీద మళ్లీ అతని దగ్గరికి వచ్చింది. "బీమా పోయిందని నీ మీద కోపం ల్యాదప్పా. సైటు చెడిపోతే నువ్వేం చేస్తావు?" అంటూ, చేలో దొరికిన గుప్పెడు కాయలు బల్ల మీద పోసింది.

వీరేష్ తడిగుడ్డ తీసుకుని, మచ్చలేని తెరను తుడుస్తూ కూర్చున్నాడు.